రాజరక్తం ఉంటేనే పవరా?

సీన్ మీకు తెలిసిందే. ఊరి చివర గుడిసె. అందులో ఒక కుర్రాడు. చిన్నప్పటి నుంచీ వాడు మిగతావాళ్లలా ఉండడు. నలుగురు కదపలేని బండని ఒక్కడే ఎత్తేస్తాడు. పొగరుబోతు గుర్రం వాణ్ణి చూడగానే తల వంచేస్తుంది. ఇంటర్వెల్ దగ్గర ఒక ముసలాయన వాడి మెడలో గొలుసో, భుజం మీద మచ్చో చూసి "ప్రభూ!" అంటూ మోకాళ్ల మీద పడిపోతాడు. అంతే. అప్పటిదాకా మనకొచ్చిన డౌట్లన్నిటికీ ఒకటే జవాబు. వాడు రాజుగారబ్బాయి. ఆ రక్తం అలాంటిది.

సినిమా, ఓటీటీ సిరీస్, యానిమే, మొబైల్ గేమ్... ఏది ఓపెన్ చేసినా ఈ ఫార్ములా ఎక్కడో ఒకచోట తగులుతుంది. నాకు దీని మీద కోపమేం లేదు. థియేటర్లో విజిల్ వేసే బ్యాచే నేను కూడా. కాకపోతే కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఒక అలవాటుంది. ఏదైనా బాగా పనిచేస్తుంటే, ఎందుకు పనిచేస్తోందో విప్పి చూడాలనిపిస్తుంది. ఈ వారం రాజరక్తాన్ని విప్పుదాం. ముందే చెప్తున్నా, స్పాయిలర్లు దండిగా ఉంటాయి.

మా భాషలో దీని పేరు ఇన్‌హెరిటెన్స్

ప్రోగ్రామింగ్ నేర్చుకునేటప్పుడు మొదట్లోనే ఒక పాఠం వస్తుంది. ఒక క్లాస్ రాస్తాం. దాని కింద ఇంకో క్లాస్ పెడితే, పైదానికి ఉన్న గుణాలన్నీ కిందదానికి పుట్టుకతో వచ్చేస్తాయి. మళ్లీ రాయక్కర్లేదు. దీన్నే ఇన్‌హెరిటెన్స్ అంటారు. అంటే వారసత్వమే.

వినడానికి బాగుంటుంది. చిక్కెక్కడంటే, వారసత్వంలో మనకి కావాల్సినవి మాత్రమే రావు. అక్కర్లేనివి కూడా మూటగట్టుకుని వస్తాయి. అందుకే 1994లో వచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం, అన్నీ వారసత్వంగా లాక్కోవడం కంటే కావాల్సిన ముక్కల్ని విడివిడిగా తెచ్చి కలుపుకోవడమే మేలని సలహా ఇచ్చింది. ఇప్పటికీ కోడ్ రివ్యూల్లో సీనియర్లు ఈ మాట అంటూనే ఉంటారు.

ఇప్పుడు 'బాహుబలి' చూడండి. 2015లో మొదటి భాగం. శివుడు శివలింగాన్ని భుజానికెత్తుకుని జలపాతం కింద పెడతాడు. మనం "ఎవడంటా ఎవడంటా" అనుకునేలోపే జవాబు దొరుకుతుంది. మహేంద్ర బాహుబలి. అమరేంద్ర బాహుబలి కొడుకు. భల్లాలదేవుడి విగ్రహం నిలబెట్టే చోట ఇతని ముఖం చూసి జనం బాహుబలి పేరు జపిస్తారు కదా, ఆ సీన్‌కి ఒళ్లు గగుర్పొడవని తెలుగువాడు ఉండడు.

కానీ అదే కథలో కట్టప్ప ఉన్నాడు. ఆ సామ్రాజ్యంలో అతన్ని మించిన యోధులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అయినా బానిస. ఎందుకు? ఎప్పుడో పూర్వీకులు సింహాసనానికి మాటిచ్చారు కాబట్టి. మొదటి భాగంలో అస్లాం ఖాన్ విడిపిస్తానన్నా కట్టప్ప ఒప్పుకోడు. అంటే రక్తం ఒకరికి సింహాసనం ఇచ్చింది, ఇంకొకరికి సంకెల ఇచ్చింది. ఇద్దరిదీ ఒకే రూలు. మనం మొదటిదానికి విజిల్ వేస్తాం, రెండోదానికి కన్నీళ్లు పెట్టుకుంటాం. రెండూ ఒకే బాక్స్‌లో వస్తాయని మాత్రం గమనించం.

ఇంకో సంగతి. భల్లాలదేవుడిదీ అదే రాజరక్తం. అతనూ ఒంటిచేత్తో దున్నని ఆపగలడు. కండబలంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. శివగామి అమరేంద్రని ఎంచుకున్నది కాలకేయుల యుద్ధంలో అతను జనాన్ని కాపాడాడని. రక్తం ఇద్దర్నీ లైన్‌లో నిలబెట్టిందంతే. సెలక్షన్ వేరేచోట జరిగింది.

నేను దీనికి 'కజిన్ టెస్ట్' అని పేరు పెట్టుకున్నాను. హీరోకి రక్తం వల్లే పవర్ వచ్చిందని కథ చెప్తే, అదే రక్తం ఉన్న అన్ననో, తమ్ముణ్ణో, చెల్లినో చూడండి. వాళ్లేం చేస్తున్నారు?

'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో డెనేరిస్ మంటల్లోకి నడిచి, మూడు డ్రాగన్ పిల్లలతో బయటికొస్తుంది. టార్గేరియన్ రక్తం మహిమ అనుకుంటాం. ఆమె అన్న విసేరిస్‌దీ అదే రక్తం. కరిగిన బంగారం నెత్తిన పోస్తే మామూలు మనిషిలాగే చచ్చిపోయాడు. రచయిత జార్జ్ మార్టిన్ కూడా, టార్గేరియన్లందరికీ నిప్పు అంటదని కాదు, ఆ మంటల్లో జరిగింది ఒక్కసారికే జరిగిన అద్భుతం అని చెప్పాడు. కజిన్ టెస్ట్‌లో రక్తం ఫెయిలు.

చేయి తగిలితే జబ్బు పోతుందట

ఈ ఐడియాని సినిమావాళ్లు కనిపెట్టారనుకుంటే పొరపాటు. నిజం రాజులే మొదలుపెట్టారు.

ఇంగ్లాండ్‌లో, ఫ్రాన్స్‌లో కొన్ని వందల ఏళ్లపాటు ఒక నమ్మకం ఉండేది. రాజు ముట్టుకుంటే గండమాల తగ్గుతుందని. గండమాల అంటే మెడ దగ్గర గడ్డలు కట్టే ఒక రకం టీబీ. జనం క్యూ కట్టేవాళ్లు. రెండో చార్లెస్ తన హయాంలో 90,000 మందికి పైగా ముట్టుకున్నాడని లెక్కలున్నాయి. వచ్చినవాళ్లకి మెళ్లో వేసుకోవడానికి ఒక బంగారు నాణెం కూడా ఇచ్చేవాళ్లు.

ఆయనకే అంత ఎందుకు పట్టింది? కాస్త వెనక్కి వెళ్లండి. 1649లో ఆయన తండ్రి తల నరికేశారు. రాజరికమే రద్దయింది. 1660లో ఈయన్ని తిరిగి పిలిచి గద్దె మీద కూర్చోబెట్టారు. కుర్చీ గట్టిదో కాదో ఎవరికీ తెలీదు. అలాంటప్పుడు "నా రక్తంలో దేవుడి పవర్ ఉంది, చూడండి" అని చూపించుకోవడం కంటే మంచి ప్రచారం ఏముంటుంది?

1712లో క్వీన్ ఆన్ దగ్గరికి రెండేళ్లు దాటిన ఒక పిల్లాణ్ణి తీసుకొచ్చారు. ఆమె ముట్టుకుంది. జబ్బు తగ్గలేదు. ఆ పిల్లాడే శామ్యూల్ జాన్సన్, తర్వాత 1755లో ఇంగ్లిష్ డిక్షనరీ వేసిన మహానుభావుడు. తగ్గకపోయినా ఆ నాణేన్ని మాత్రం జీవితాంతం మెళ్లో ఉంచుకున్నాడు. రెండేళ్ల తర్వాత గద్దెనెక్కిన మొదటి జార్జ్ ఈ పద్ధతే ఎత్తేశాడు. ఫ్రెంచ్ చరిత్రకారుడు మార్క్ బ్లోక్ 1924లో దీని మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. గండమాల కొన్నాళ్లు తగ్గినట్టు కనపడి మళ్లీ వస్తుంటుంది. తగ్గినప్పుడు క్రెడిట్ రాజుకి. తిరగబెట్టినప్పుడు రాజుని అడిగేవాడెవడు?

మనవాళ్లేం తక్కువ తిన్లేదు. శ్రీకృష్ణదేవరాయల తండ్రి తుళువ నరస నాయకుడు సేనాని. రాజ్యం ఆ ఇంటికి కొత్తగా వచ్చింది. 'ఆముక్తమాల్యద' తెరిస్తే మాత్రం ఆ వంశం చంద్రుడి దగ్గర మొదలై, యయాతి కొడుకు తుర్వసుడి మీదుగా దిగుతుంది. అటు కాకతీయులు కొన్ని శాసనాల్లో తాము నాలుగో వర్ణం వాళ్లమనే చెప్పుకున్నారు. సూర్యుడూ చంద్రుడూ లేకపోతే రాజ్యం ఆగిందా? ఆ కాలంలో తవ్విన పాఖాల, రామప్ప చెరువులు ఈ రోజుకీ పొలాలకి నీళ్లిస్తున్నాయి.

నాకు అర్థమైంది ఇది. వంశం గొప్పతనం గట్టిగా వినపడుతోందంటే, ఆ కుర్చీ ఎందుకు ఊగుతోందో చూడాలి.

ఆ పాత నమ్మకాన్నే తీసుకుని టోల్కీన్ ఒక అందమైన పని చేశాడు. 1955లో వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్'లో యుద్ధం అయ్యాక ఆరగార్న్ వెంటనే కిరీటం అడగడు. నగరం బయటే డేరా వేసుకుంటాడు. గాయపడినవాళ్లు చచ్చిపోయేలా ఉన్నారంటే, ముసుగు వేసుకుని వైద్యశాలకి వస్తాడు. అథెలాస్ అనే ఆకు అడుగుతాడు. అక్కడి మూలికల పండితుడి దృష్టిలో అది పనికిమాలిన మొక్క. తలనొప్పికి ముసలివాళ్లు వాడేదంతే. ఆ ఆకుతోనే ఫరమిర్‌ని, ఎయోవిన్‌ని, మెర్రీని బతికిస్తాడు. అంతటితో ఆగకుండా రాత్రంతా మిగతా రోగుల దగ్గర తిరుగుతాడు. అసలైన రాజు చేతిలో వైద్యం ఉంటుందని ఒక ముసలావిడ ముందే గుర్తుచేస్తుంది. ఊళ్లో మాట పాకిపోతుంది, రాజు వచ్చాడని.

రక్తం ఉంది, కాదన్లేం. కానీ అది ఎక్కడ బయటపడిందో చూడండి. రోగి మంచం పక్కన. నేను రాజుని కాబట్టి సేవ చేయండి అనలేదు. ముందు సేవ చేశాడు, తర్వాతే రాజయ్యాడు.

మామా, మనది ఏ వంశం?

మొన్న సెలవులకి ఖమ్మం నుంచి మా అక్కావాళ్లు వచ్చారు. మేనల్లుడికి తొమ్మిదేళ్లు. వాడూ వాడి ఫ్రెండ్సూ స్కూల్లో 'నరుటో' ఆట ఆడతారట. ఒకడు ఉచిహా వంశం, ఒకడు హ్యూగా వంశం, ఒకడికి ఇంకేదో కళ్లలో పవర్. వీడు ఆటలోకి లేటుగా చేరాడు. అప్పటికే వంశాలన్నీ అయిపోయాయి. వీడికిచ్చిన రోల్ 'ఊరి జనం'.

"మామా, మనది ఏ వంశం?" అన్నాడు.

"తాతకి సైకిల్ షాపు ఉండేది రా. పంచర్లు వేసేవాడు."

వాడు కాసేపు ఆలోచించాడు. "అంటే మనకి పవర్స్ రావా?"

నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్న తొమ్మిదేళ్లవాడిది మాత్రమే కాదు. మా ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వెళ్లినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. కాలేజీలో చేరిన మొదటి వారంలో "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగినప్పుడల్లా నా లోపల కూడా ఇదే ప్రశ్న ఉండేది. పెళ్లిచూపుల్లో ఇంటిపేరు అడుగుతారు. ఇంటర్వ్యూలో కాలేజీ పేరు అడుగుతారు. ఏదో ఒక వంశం చూపిస్తే తప్ప గేటు తీయరేమో అనిపిస్తుంది. కథలు కూడా అదే పాట పాడితే పిల్లలు ఏమనుకుంటారు? హీరోలు పుడతారు, మిగతావాళ్లు రోడ్డు పక్కన నిలబడి జేజేలు కొడతారు అనుకుంటారు.

విచిత్రం ఏంటంటే 'నరుటో' మొదలైంది దీనికి పూర్తి వ్యతిరేకంగా. అనాథ. ఊరంతా దూరం పెట్టిన పిల్లాడు. తలరాత పుట్టుకతోనే ఖాయమని నమ్మే నేజీని ఓడిస్తాడు. తీరా ముందుకెళ్తే వాళ్ల నాన్న నాలుగో హొకాగే అని, తల్లిది ఉజుమాకి వంశమని, ఇంకా ముందుకెళ్తే పాత మహానుభావుడి పునర్జన్మ అని తేలుతుంది. పాపం నేజీ చెప్పిందే కరెక్టేమో అన్న అనుమానం వస్తుంది. నింజుట్సు రాకుండా చెమటతోనే ఎదిగిన రాక్ లీ మాత్రం అలాగే మిగిలాడు. అందుకే కాబోలు, అతనంటే చాలామందికి అంత ఇష్టం.

'స్టార్ వార్స్'దీ ఇదే జబ్బు. 1977లో ఫోర్స్ అంటే ప్రాణులన్నిటినీ కలిపే శక్తి. ల్యూక్ తండ్రి జెడై అని చెప్పినా, ఆ శక్తి ఫలానా ఇంటి ఆస్తి అనలేదు. 1999కి వచ్చేసరికి పిల్లాడి రక్తం తీసి టెస్ట్ చేస్తారు. మిడిక్లోరియన్ల కౌంట్ 20,000 పైనే, యోడాకి కూడా అంత లేదు. అచ్చంగా ల్యాబ్ రిపోర్టే. 2017లో రే అనే అమ్మాయికి, మీ అమ్మానాన్న ఊరూపేరూ లేనివాళ్లని చెప్తారు. ఆ సినిమా చివర గుర్రాలశాలలో పనిచేసే పిల్లాడు చీపురుని ముట్టుకోకుండానే చేతిలోకి లాక్కుంటాడు. హమ్మయ్య, తలుపు తెరిచారు అనుకున్నాం. 2019లో మళ్లీ మూసేశారు. రే స్వయానా చక్రవర్తి పాల్పటీన్ మనవరాలట! మా ఆఫీసులో అయితే దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. చివర్లో ఆ పిల్ల తాత పేరు వదిలేసి స్కైవాకర్ అని చెప్పుకుంటుంది. మంచిదే. కానీ అదీ పెద్దింటి పేరేగా.

మావాడికి ఇవన్నీ చెప్పలేదు. ఫోన్లో 'పాతాళభైరవి' పెట్టాను. 1951 సినిమా. బ్లాక్ అండ్ వైట్ అని మొదట మొహం తిప్పుకున్నాడు. ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడిగా వచ్చాక ఇంక కదల్లేదు. అందులో ఎన్టీఆర్ యువరాజు కాదు. తోటమాలి కొడుకు, తోట రాముడు. క్లైమాక్స్‌లో కూడా తప్పిపోయిన రాజకుమారుడని తేలడు. పవర్ ఉన్నది బొమ్మలో. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. అది మాంత్రికుడి చేతికి పోగానే రాముడి వైభవమంతా మాయం. అప్పుడు ఫ్రెండ్ అంజిని వెంటేసుకుని, బొమ్మ లేకుండానే, తెలివితో దాన్ని వెనక్కి తెచ్చుకుంటాడు.

"అంటే బొమ్మ ఎవరికి దొరికితే వాళ్లకి పవరా?" అన్నాడు మావాడు.

"అవును."

"ఎవరికైనా?"

"ఎవరికైనా. కానీ కాపాడుకోవడానికి బొమ్మ పనికిరాదు, బుర్ర కావాలి."

గొర్రె తెచ్చిన అమ్మాయి

నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. మార్టిన్ 2018లో రాసిన 'ఫైర్ అండ్ బ్లడ్'లోది. టార్గేరియన్లలో వాళ్లకి వాళ్లకే యుద్ధం. డ్రాగన్లున్నాయి, ఎక్కేవాళ్లు లేరు. రాజవంశం రక్తం ఏ మూలనైనా ఉన్నవాళ్లు వచ్చి ప్రయత్నించండని దండోరా వేస్తారు. చాలామంది వస్తారు. కొందరు కాలిపోతారు.

ఆ ద్వీపంలో షీప్‌స్టీలర్ అనే అడవి డ్రాగన్ ఉంటుంది. పేరుకు తగ్గట్టే గొర్రెల్ని ఎత్తుకుపోయే రకం. దాన్ని లొంగదీసింది నెటిల్స్ అనే పిల్ల. అమ్మానాన్న లేరు, ఒళ్లంతా మట్టి, నోరు తెరిస్తే బూతులు. ఏం చేసిందంటే, రోజూ పొద్దున్నే అప్పుడే కోసిన గొర్రెని తెచ్చి దాని ముందు పెట్టింది. రోజూ. అది ఈమెకి అలవాటు పడేదాకా. ఆమెలో టార్గేరియన్ రక్తం ఉందా లేదా అన్నది పుస్తకం తేల్చదు. తేల్చకపోవడమే దాని గొప్ప. ఎందుకంటే ఆ ఒక్క పిల్ల వల్ల మొత్తం రాజవంశం చెప్పుకునే కథ అనుమానంలో పడిపోతుంది. డ్రాగన్లు మా రక్తానికే లొంగుతాయని వాళ్లంటారు. గొర్రెకి కూడా లొంగాయి కదా అని మనకి అనిపిస్తుంది.

'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' సిరీస్‌లో ఈ పిల్ల కోసం ఎదురుచూశాను. 2024లో వచ్చిన రెండో సీజన్ అయిపోయేదాకా నెటిల్స్ లేదు. సీజన్ చివర అడవి డ్రాగన్ వెనకాల కొండల్లో పడి తిరుగుతున్నది రెయినా. యువరాజు డేమన్ కూతురు. రెయినా బాధ కూడా నిజమైనదే, ఇంట్లో అందరికీ డ్రాగన్లుండి తనకి లేకపోవడం చిన్న విషయం కాదు. అయినా, ఊరూపేరూ లేని పిల్ల గెలవాల్సిన చోట పెద్దింటమ్మాయి నిలబడితే, 'ఊరి జనం' రోల్‌లో ఉన్న మావాడిలాంటి వాళ్లకి మిగిలేదేంటి?

మనకి గుర్తున్న కర్ణుడు

'స్టార్ వార్స్' వచ్చిన 1977లోనే మనకి 'దానవీరశూర కర్ణ' వచ్చింది. అస్త్రవిద్యా ప్రదర్శనలో ఆచార్యుడు కర్ణుణ్ణి కులం అడగడం, సుయోధనుడు లేచి సభలో ఒక్కొక్కరి పుట్టుక విప్పడం... ఆ డైలాగు రీల్స్‌లో ఎన్నిసార్లు విన్నా స్క్రోల్ చేయబుద్ధి కాదు. తర్వాత ఏం జరుగుతుంది? అక్కడికక్కడే అంగరాజ్యానికి పట్టాభిషేకం. రాజు అనేది పుట్టుక కాదు, ఒకడు ఇస్తే వచ్చే పదవి అని నిమిషాల్లో తేలిపోయింది.

తమాషా చూడండి, కర్ణుడికి అసలు రక్తం లేకపోతే కదా. తండ్రి సూర్యుడు, తల్లి రాజకుమారి. పుట్టుకతోనే కవచకుండలాలు. ఇంతకంటే పెద్ద వంశం ఎవరికుంది? కానీ చూపించడానికి సర్టిఫికెట్ లేదు. ఒకసారి ఆ రక్తాన్ని ఒకరు గుర్తుపట్టారు. పరశురాముడు తన ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతుంటే, పురుగు తొడ తొలిచేస్తున్నా కర్ణుడు కదల్లేదు. లేచి చూసిన గురువు, ఇంత ఓర్పు క్షత్రియుడికే ఉంటుందని పసిగట్టి శాపం పెట్టాడు. గురువు నిద్ర చెడకూడదని పడ్డ కష్టాన్ని కూడా రక్తం ఖాతాలోనే రాసేశారు.

ఇంద్రుడు మారువేషంలో వచ్చి అడిగితే కర్ణుడు ఆ కవచకుండలాల్ని కోసి ఇచ్చేశాడు. పుట్టుకతో వచ్చిన పవర్ అక్కడితో పోయింది. ఇప్పుడు మన ఊళ్లలో ఎవరైనా లేదనకుండా ఇచ్చే మనిషి ఉంటే ఏమని పిలుస్తారు? దానకర్ణుడు అంటారు. సూర్యపుత్రుడు అని అనరు. కవచం ఉన్నందుకు ఆయనకి పేరు రాలేదు, ఇచ్చేసినందుకు వచ్చింది.

కాబట్టి ఈసారి మీ వాచ్‌లిస్ట్‌లో రాజరక్తం హీరో తగిలితే విజిల్ ఆపకండి, గట్టిగానే వేయండి. వేస్తూనే మూడు చిన్న చెకింగులు చేయండి. అదే రక్తం ఉన్న కజిన్ ఏం చేస్తున్నాడు? ఆ రూలు వల్ల కట్టప్ప అయిపోయింది ఎవరు? గొర్రె తెచ్చినవాళ్లకి కథలో చోటుందా? మూడింటికీ మంచి జవాబులుంటే అది మంచి కథ. లేకపోతే అది ఎవరిదో వంశవృక్షం. మనం చూడాల్సిన పనేముంది, వాళ్లింటి గోడకి తగిలించుకుంటారు.